తెల్ల ఎలుకల స్వయంవరం

సార్ పోయాడన్న కబురు చెప్పడానికి యాదయ్య సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడలో మా ఇంటిదాకా వచ్చాడు. ఫోన్ చేసినా సరిపోయేది. కానీ చావు కబురు ఫోన్‌లో చెప్పడం మర్యాద కాదని ఆయన లెక్క. వచ్చి, చెప్పులు విడిచి, చెంబెడు నీళ్లు తాగి, మా పిల్ల ఎన్నో తరగతో అడిగి, అప్పుడు చెప్పాడు.

"మన ఎలుకల సారు పోయిండు బిడ్డా. మొన్న ఆదివారం. కోదాడల కూతురు కాడ ఉంటున్నడు గద, ఆడనే."

నేను "అయ్యో" అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. లోపల మాత్రం ఆయన ముఖం కంటే ముందు ఆయన ముక్కు గుర్తొచ్చింది. ఎప్పుడూ ఎర్రగా, చివర కాస్త తడిగా, గోధుమరంగు పొడి అంటుకుని ఉండే ముక్కు. వాసనల మీద ఆరేళ్లు పరిశోధన చేసిన మనిషికి అంత పనికిరాని ముక్కు ఇచ్చిన దేవుడికి హాస్యం తెలుసు.

ఎనభైల చివర్లో సార్ సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. నేను అక్కడే బీయస్సీ చదివి, ఆయన కిందే డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. యాదయ్య ఆ ల్యాబుకు అటెండరు. మా ముగ్గురి కింద ఓ అరవై తెల్ల ఎలుకలు ఉండేవి. నిజానికి ఎవరు ఎవరి కింద ఉన్నారో చెప్పడం కష్టం. పండగైనా పబ్బమైనా వాటికి వేళకు నానబెట్టిన శనగలు పడాల్సిందే. మాకు జీతాలు మాత్రం ఎప్పుడు పడితే అప్పుడే పడేవి.

సార్ పీహెచ్‌డీ చేస్తున్నాడు. బోనులో పెరిగిన ఆడ ఎలుక తన జోడీని ఎలా ఎంచుకుంటుంది అన్నది ఆయన విషయం. వాసనతో ఎంచుకుంటుంది అన్నది ఆయన సమాధానం. మగ ఎలుక తిరిగిన చోటల్లా మూత్రపు చుక్కలు వదులుతుంది. వాటిని వాసన చూసి ఆడ ఎలుక వాడు ఆరోగ్యంగా ఉన్నాడా, రోగిష్టివాడా, నలుగురిలో గెలిచేవాడా, ఓడేవాడా తెలుసుకుంటుందట. "ముక్కుతో చదివే బయోడేటా అమ్మా అది" అనేవాడు సార్. ఈ మాట ప్రతి ఏడూ ప్రతి క్లాసులో అనేవాడు, అని నవ్వు కోసం ఆగేవాడు. మొదటి సంవత్సరం పిల్లలు నవ్వేవాళ్లు. మూడో సంవత్సరం వాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు.

ఆ పరీక్ష ఎలా చేసేవాడో చెప్పాలి. ముందు రెండు మగ ఎలుకలను ఒక తొట్టిలో వదిలేవాడు. అవి కొట్టుకునేవి. గెలిచినదాన్ని సార్ 'ఏ' అని, ఓడినదాన్ని 'బి' అని రాసుకునేవాడు. యాదయ్యకు ఏబీసీలు నచ్చక గెలిచినవాటికి పైల్వాన్లు అని, ఓడినవాటికి బక్కోళ్లు అని పేరు పెట్టాడు. చివరికి సార్ కూడా ఆ పేర్లే వాడాడు. తర్వాత మూడు అరల పొడుగాటి చెక్కపెట్టె. ఒక చివర పైల్వాను, ఇంకో చివర బక్కోడు, ఎవరి పడక వాళ్లకు, మధ్యలో వైరు జాలీ. నడి అరలో ఎదకొచ్చిన ఆడ ఎలుకను వదిలి సార్ స్టాప్‌వాచ్ నొక్కేవాడు. ఇరవై నిమిషాలు. అది ఏ జాలీ దగ్గర ఎంతసేపు కూర్చుందో నేను రాయాలి. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. ఫ్యాను కూడా ఆపేవాళ్లం.

ఆడ ఎలుక అటు తిరిగి ఇటు తిరిగి, మీసాలు ఆడించి, దాదాపు ప్రతిసారీ పైల్వాను పక్కనే చతికిలబడేది. అప్పుడు సార్ ముఖం చూడాలి, సొంత మేనల్లుడికి సంబంధం కుదిరినంత వెలుగు. "చూశావామ్మా? దానికి ఎవరన్నా చెప్పారా? ఎవరన్నా బలవంతం చేశారా? పూర్తిగా దాని ఇష్టం!" అనేవాడు. స్టాఫ్‌రూములో ఎకనామిక్స్ ఆయన మాత్రం, "అందరూ కొండను తవ్వి ఎలుకను పడతారు, మనవాడు ఎలుకను పట్టుకొచ్చి కొండ తవ్వుతున్నాడు" అనేవాడు.

ల్యాబులోకి వాసనలు రాకూడదని సార్ పెట్టిన కట్టుబాట్లు అన్నీ ఇన్నీ కావు. అమ్మాయిలు మల్లెపూలు పెట్టుకోకూడదు. సెంటు సబ్బుతో స్నానం చేయకూడదు. తలనూనె, పౌడరు బంద్. వీటన్నిటినీ కనిపెట్టే పని మాత్రం యాదయ్యది. ఎందుకంటే సార్‌కు ముక్కుపొడి అలవాటు. మాటకూ మాటకూ మధ్య చిన్న రేకు డబ్బీ తీసి, మూత మీద బొటనవేలితో రెండుసార్లు కొట్టి, చిటికెడు లోపలికి పీల్చేవాడు. పాతికేళ్ల పీల్పుతో ఆయనకు చందనమూ సున్నమూ ఒకటే అయిపోయాయి. ముక్కుపొడికి వాసన ఉండదని ఆయన నమ్మకం. ఆయనకు తగలదు కాబట్టి ఎలుకలకూ తగలదని. ఒకసారి యాదయ్య ప్రిన్సిపాల్‌నే గుమ్మంలో ఆపేశాడు. "అత్తరు పూసుకున్నరు సార్. లోపటికి పోవద్దు, ఎలుకలు పరేషానైతయ్" అన్నాడు. ప్రిన్సిపాల్ ఆ తర్వాత ఏడాదిపాటు మా ల్యాబుకు కొత్త బల్లలు రానివ్వలేదు.

ఇంతవరకు అయితే నవ్వుకుని వదిలేసే మనిషే. కానీ ఊరు ఆయన్ని వదల్లేదు. 'కాలేజీ సారు జోడీల మీద డాక్టరేట్ చేస్తున్నడంట' అన్న మాట సూర్యాపేటలో పాకింది. ఒకరోజు నడిగూడెం నుంచి ఒక రైతు పేపర్లో చుట్టుకుని రెండు ఫోటోలు తెచ్చి ల్యాబు గుమ్మంలో కూర్చున్నాడు. "సారూ, ఈ పిల్లకు ఈ పిలగానికి జోడి కుదురుతదా, జర సూసి చెప్పుండ్రి" అన్నాడు. సార్ మండిపడి, "ఇది సైన్సయ్యా! పెళ్లిళ్ల పేరయ్య దుకాణం కాదు" అని పంపేశాడు. రెండోసారి ఇంకొకరు వస్తే విసుక్కుంటూనే ఫోటోలు చేతిలోకి తీసుకున్నాడు. నాలుగోసారికి కళ్లజోడు తుడుచుకుని చూశాడు. ఆ ఏడాది గడిచేలోపు ఆయన డైరీలో సగం ఎలుకలు, సగం పెళ్లికాని కుర్రాళ్లు.

అరడజనుకు పైగా సంబంధాలు కుదిర్చాడు. "ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదు" అని చెప్పుకునేవాడు. ఫెయిల్ కాకపోవడం అంటే ఎవరూ తిరిగొచ్చి తిట్టలేదని. కుర్రాడి ఉద్యోగం ఏంటి, మిద్దె ఎన్ని అంతస్తులు, కాల్వ కింద పొలం ఎంత, ఇవి చూసేవాడు. ఏ పిల్లనూ నడి అరలో వదిలి స్టాప్‌వాచ్ నొక్కింది లేదు. అప్పట్లో నాకు అది నవ్వులాటగానే ఉండేది. తేలు పక్కవాణ్ని కుట్టినంతసేపు మంటెందుకు తెలుస్తుంది?

మా నాన్నకు కాలేజీ పక్కన పుస్తకాల షాపు. సార్ పరిశోధనకు కావాల్సిన తెల్ల కాగితాలన్నీ అక్కడే కొనేవాడు. ఇన్ని కాగితాలు రాసే మనిషి తప్పు చెప్పడని మా నాన్న నమ్మకం. అందుకే సార్ తనంతట తను నాకొక సంబంధం తెచ్చినప్పుడు నాన్న కౌంటరు మీంచి లేచి నమస్కారం పెట్టాడు. కుర్రాడిది కోదాడ. మెయిన్ రోడ్డులో ఎరువుల దుకాణం, దాని మీదే ఇల్లు.

పెళ్లిచూపులకు సార్ కూడా వచ్చాడు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూర్చున్నాడు. కుర్రాడు ఆయన్ని ఎలుకల సంగతి అడిగాడు. సార్ ముక్కుతో చదివే బయోడేటా మాట చెప్పాడు, అందరూ నవ్వారు, ఆయనకు చాలాకాలం తర్వాత దొరికిన నవ్వు అది. కుర్రాడు మా నాన్నను షాపు సొంతమా కిరాయా అని అడిగాడు. నన్ను ఏమీ అడగలేదు. మా అమ్మ మంచినీళ్లిచ్చింది. కుర్రాడు గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు కావాలని, తల తిప్పకుండానే మా అమ్మ వైపు చిటిక వేశాడు. అమ్మ పరుగున వెళ్లి తెచ్చింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. "ఇంక నువ్వు లోపలికి వెళ్లమ్మా" అన్నాడు సార్. మొత్తం కలిపి నన్ను కూర్చోబెట్టింది రెండు నిమిషాలు.

వాళ్లు వెళ్లాక నాకు నచ్చలేదని అమ్మతో చెప్పాను.

"ఏం నచ్చలేదే?" అంది అమ్మ.

"నీకు చిటిక ఏసిండమ్మా."

"గంతదానికేనా? మీ నాయిన నన్ను ఇన్నేండ్ల సంది ఈల ఏసి పిలుస్తుండు. నేను సచ్చిపోయిన్నా?"

నాన్న ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "సారు తెచ్చిన సంబంధం. ఆయన జోడీల మీదనే పెద్ద సదువు సదివిండు. ఆయనకంటె నీకెక్కువ తెలుసా?" అన్నాడు. పదిహేను రోజుల్లో లగ్నం పెట్టుకుందామని కోదాడకు మాటిచ్చేశారు.

మర్నాడు ల్యాబులో సార్‌ని అడిగాను. పిరికిగానే అడిగాను. "సార్, మా నాన్న మీ మాట వింటాడు. నన్ను ఒక్కసారి అడగమని చెప్పండి."

సార్ డబ్బీ మూత మీద రెండుసార్లు కొట్టాడు. "చూడమ్మా. ఎలుకకు ఇంటి పరువు లేదు, తల్లీదండ్రీ లేరు. పాపం దానికి ముక్కే దిక్కు. నీకు మేమందరం లేమా?" అని, ఒక చిటికెడు పీల్చి, ఆడ ఎలుకను నడి అరలో వదిలి, స్టాప్‌వాచ్ నొక్కాడు. ఇరవై నిమిషాలు నేను నిలబడి రాశాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా ల్యాబులో ఎలుకలు హాయిగానే ఉన్నాయి. ప్రాణసంకటం నోటుబుక్కు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. అంత కోపం నాకు జీవితంలో మళ్లీ రాలేదు.

ఆ వారమే యాదయ్య మేనకోడలి పెళ్లికని మాడుగులపల్లి వెళ్లాడు. ఎలుకల కింద పరిచే ఊక మార్చే పని నా మీద పడింది. స్టోరురూములో రెండు బస్తాలు ఉన్నాయి. మొదటిది సూర్యాపేట గిర్నీలో పట్టిన ఊక, గరుకుగా, పొడిపొడిగా ఉంది. రెండో బస్తా మూతి విప్పగానే కమ్మటి వాసన గుప్పుమంది. ఉడకబెట్టిన వడ్ల వాసన. చేయి పెడితే ఊకలో తవుడు ముద్దలు, నూకలు తగిలాయి. పొద్దున్నుంచి తినలేదేమో, నాకే ఆకలి పుట్టింది. ఏ బస్తా ఎవరికో తెలియక యాదయ్య వచ్చేదాకా ఆగాను.

"మిర్యాలగూడ ఉనుక పైల్వాన్లకు. గిర్నీ ఉనుక బక్కోళ్లకు" అన్నాడు యాదయ్య, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"రెండు రకాలెందుకు యాదన్నా?"

"మా బామ్మర్ది మిర్యాలగూడల ఉప్పుడు బియ్యం మిల్లుల పనిచేస్తడు. నెలకొక్క సంచి పంపుతడు. అందరికి సాలది. గెలిచినోళ్లకు మంచి పడక ఎయ్యొద్దా బిడ్డా? ఇంటికి పెద్దమనిషి వస్తె పరుపు ఏస్తమా, గోనెసంచి ఏస్తమా?"

"ఎన్ని రోజుల సంది ఇట్ల ఏస్తున్నవ్?"

"మొదటి సంది."

"సార్‌కు చెప్పినవా?"

"సారు అడగలే. అడిగితే చెప్పకపోదునా?"

నేను స్టోరురూము గచ్చు మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆరేళ్లుగా ఆడ ఎలుకలు పైల్వాన్ల కోసం వెళ్లనే లేదు. తవుడు కోసం వెళ్లాయి. సార్ మల్లెపూలు ఆపాడు, సబ్బులు ఆపాడు, ప్రిన్సిపాల్‌ని ఆపాడు. పెట్టె చివరలు మార్చి మార్చి చూశాడు. కానీ పరిచిన ఊకను ఒక్కసారి గుప్పిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోలేదు. పెట్టుకున్నా లాభం లేదనుకోండి.

సార్‌కు చెప్పాను. ఆ పూట నాకు చెప్పలేనంత సంతోషంగా ఉందని ఒప్పుకుంటాను. ఆయన మొదట కొట్టిపారేశాడు. "ఊక ఊకేనమ్మా. దానికి వాసనేంటి?" అన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పడకలు మార్చి చూద్దామన్నాను. మార్చాం. మిర్యాలగూడ ఊక బక్కోడి కింద పడింది. ఆడ ఎలుక నడి అరలోంచి సూటిగా బక్కోడి దగ్గరికి నడిచి, జాలీలోంచి మూతి దూర్చి, నూక గింజ ఒకటి లాక్కుని కొరుకుతూ కూర్చుంది. పైల్వాను వైపు తిరిగి కూడా చూడలేదు. సార్ ఇంకో ఎలుకను వదిలాడు. ఇంకోదాన్ని. సాయంత్రం దాకా వదిలాం. అన్నీ తవుడు వైపే. చివరికి రెండు వైపులా గిర్నీ ఊకే వేసి వదిలితే, ఆడ ఎలుక కాసేపు అటూ ఇటూ తిరిగి, నడి అరలోనే మూలకు ముడుచుకుని నిద్రపోయింది.

సార్ స్టాప్‌వాచ్ ఆపడం మర్చిపోయాడు. "ఆరేళ్లమ్మా" అన్నాడు. అప్పుడు జాలేసింది నాకు, అబద్ధమెందుకు. థీసిస్ టైపు అయిపోయింది. వచ్చే నెల హైదరాబాదు నుంచి గైడు వస్తున్నాడు. పేరుకు ముందు 'డాక్టర్' రాయించిన బోర్డు కూడా తయారై, పాత దుప్పట్లో చుట్టి ల్యాబు బీరువా వెనక ఉందని నాకూ యాదయ్యకూ తెలుసు. సార్ చాలాసేపు ఆ బీరువా వైపే చూసి, "ఈ సంగతి ఈ గదిలోనే ఉండాలి" అన్నాడు. అంతే, నా జాలి ఎగిరిపోయింది.

మర్నాడు సాయంత్రం సార్ ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మాయి తలుపు తీసింది. సార్‌కు ఒక్కతే కూతురు, తల్లి లేని పిల్ల, ఆ ఏడే ఇంటర్ పూర్తి చేసింది. నన్ను అక్కా అనేది. టీ తెచ్చి ఇచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. నేను గొంతు తగ్గించలేదు.

"నేను ఎవరికీ చెప్పను సార్. మీరు రేపు మా నాన్న దగ్గరికి వెళ్లి కోదాడ సంబంధం వద్దని చెప్పండి."

"నన్ను బెదిరిస్తున్నావా అమ్మా?"

"ముక్కే దిక్కని మీరే అన్నారు కదా సార్. నా ముక్కుకు అందిందే నేను వాడుకుంటున్నా."

సార్ డబ్బీ తీశాడు, మూత తెరిచాడు, పీల్చకుండానే మూసేశాడు. "వాళ్లకు మాటిచ్చాను. నా పరువేం కావాలి?" అన్నాడు. ఆ సంగతి మీరే చూసుకోండని చెప్పి లేచాను.

ఆయన నిజంగానే వెళ్లాడు. మా షాపులో నిలబడి, "ఈ జోడీ కుదరదండీ. నేను టెస్ట్ చేశాను. వాసన కలవలేదు" అన్నాడట. ఏం టెస్టు, ఎవరి వాసన, ఎప్పుడు చూశారు అని మా నాన్న అడగలేదు. సార్ అన్నాక అడిగేదేముంది? ఇంటికొచ్చి, "ఆ సంబంధం ఖతం, సారు వద్దన్నడు" అని చెప్పి కాళ్లు కడుక్కున్నాడు. నన్ను అడక్కుండా కుదిరిన పెళ్లి నన్ను అడక్కుండానే తప్పిపోయింది.

నేనూ మాట నిలబెట్టుకున్నాను. గైడు వచ్చి, కొబ్బరి నీళ్లు తాగి, ఎలుకలను దూరం నుంచే చూసి, భేష్ అని వెళ్లాడు. సార్ డాక్టరయ్యాడు. బీరువా వెనక బోర్డు ఇంటి గోడకెక్కింది. కాలేజీలో సన్మానం చేసి శాలువా కప్పితే, వేదిక మీద ఆ శాలువా అంచుతోనే ముక్కు తుడుచుకున్నాడు. నేను ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆ థీసిస్ ఇప్పటికీ ఏదో లైబ్రరీలో అట్ట కట్టుకుని ఉండే ఉంటుంది. ఆడ ఎలుక గెలిచినవాడినే కోరుకుంటుందని అందులో ఉంటుంది. దాన్ని చదివి నమ్మినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. దానికి నేను పెద్దగా బాధపడలేదు. ఎలుకలైతే చదవవు.

తర్వాత కొన్నాళ్లకు సార్ ఇంటి నుంచి శుభలేఖ వచ్చింది. పెళ్లికూతురు వాళ్లమ్మాయి. పెళ్లికొడుకు కోదాడ ఎరువుల దుకాణం ఆయన. మాట తప్పాడని వాళ్లు పదిమందిలో నిలదీశారని, పరువు కోసం సార్ తన కూతుర్నే ఇస్తానన్నాడని యాదయ్య చెప్పాడు. పెళ్లికి వెళ్లి అక్షింతలు వేశాను, భోజనం చేశాను. ఆ తర్వాత బీఈడీ చేసి మిర్యాలగూడలో టీచరుగా చేరాను, నేను మెచ్చినాయన్నే పెళ్లి చేసుకున్నాను. ఆయన గురించి ఇక్కడ అక్కర్లేదు. చిటికెలు వేయడు, అంత చాలు.

యాదయ్య కబురు తెచ్చిన మర్నాడు ఇద్దరం కలిసి కోదాడ వెళ్లాం. దుకాణం మీద ఇల్లు, ఇరుకు మెట్లు. ముందు గదిలో సార్ ఫోటోకు దండ వేసి ఉంది. ఫోటో కింద 'డాక్టర్' అన్న అక్షరాలు పేరు కంటే పెద్దవి. వాళ్లమ్మాయి బాగా చిక్కిపోయింది. నన్ను చూసి ఏడవలేదు, చాప పరిచి కూర్చోబెట్టింది. సార్ ఆఖరి రోజుల్లో ఏం తిన్నాడో, ఏం అడిగాడో చెప్పింది. చెప్తుండగా కింద దుకాణంలో ఎవరో ఇనుప షట్టరు మీద రెండుసార్లు కొట్టారు. ఆమె మాట మధ్యలోనే లేచింది.

"ఆయనకు టీ టైమైందక్కా" అని, ఫ్లాస్కు తీసుకుని దిగి వెళ్లి, మళ్లీ ఎక్కి వచ్చింది. యాదయ్య తల వంచుకుని చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాడు.

"నీకు తెలుసా అక్కా, నాన్న నన్ను అడిగాడు" అంది ఆమె.

"ఏమడిగాడు?"

"ఈ సంబంధం గురించే. నువ్వు మా ఇంటికొచ్చి పోయినాక నాన్న చాలా రోజులు సరిగా తినలేదు. ఒకరోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కోదాడవాళ్లకు నిన్నిస్తే నీకు ఇష్టమేనా, లేకపోతే లేదని చెప్పు, నేను తిప్పలు పడతా గానీ నిన్నేమీ అనను అన్నాడు."

నేను ఆ మాట నమ్మడానికి కాస్త సమయం పట్టింది. ఈయన ఒకరిని అడగడం కూడా ఉందా? అందులోనూ సొంత కూతుర్ని?

"మరి నువ్వేమన్నావ్?"

"అప్పటిదాకా నన్ను ఎవ్వరూ ఏదీ అడగలేదక్కా. ఇంటర్లో నేను తీసుకోవాల్సిన గ్రూపు కూడా నాన్నే ఫారంలో రాసేశాడు. మొదటిసారి నాన్న నన్ను అడిగిండని నాకెంత సంతోషమైందో చెప్పలేను. అట్లా అడిగిన మనిషిని కాదని ఎట్లంటాం? ఊ అన్నాను." ఆమె కొంగుతో ఖాళీ గ్లాసు తుడుస్తూనే ఉంది. "నువ్వు మాత్రం వద్దన్నావు. ఏం చూసి వద్దన్నావో ఇన్నేళ్లలో నాకు తెలవలేదు. ఏం చూశావక్కా? ఆ ముక్క అప్పుడు నాకొక్కదానికి చెప్పొచ్చు కదా?"

చెప్పొచ్చు. శుభలేఖ అందిన రోజుకు పెళ్లి ఇంకా ఇరవై రోజులుంది. వాళ్ల ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల దూరం. ఆ ఇరవై రోజుల్లో నేను చేసిన పని, ఆ పెళ్లికి కట్టుకోవడానికి ఒక చీర కొనుక్కోవడం.